రామక్కాళ్ విసిరిన ఏడు రాళ్ళు

మా ముత్తవ్వ రామక్కాళ్‌కు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నన్ను చూసి కూడా అదే మాట అంటారు. అననీ. ఆవిడకు జరిగింది తెలిశాక కూడా కోపం రానివాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పొల్లాచ్చికి తూర్పున ఒక తెలుగువాళ్ళ పల్లె. నల్లరేగడి నేల. అదీ ఊరంతా ఒక్క తీరున ఉండదు. బావుల పక్కన నిలువెత్తు మన్ను ఉంటే, తూర్పు దిక్కున జానెడు తవ్వేసరికి సుద్దరాయి తగులుతుంది. రామక్కాళ్ భర్త బావి తవ్విస్తుంటే ఒడ్డు విరిగి మీద పడి పోయాడు. ఆనాటి నుంచి ఎనిమిదెకరాల సేద్యం ఆవిడే చేయించింది. అందులో ఐదెకరాలు తూర్పు సుద్దనేలే. అయినా ఆ చేలు వదలకుండా సజ్జ వేసి, కొడుకునూ కోడలినీ ఆ గింజలతోనే సాకింది.

తొమ్మిదేళ్ళప్పుడే మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలిన చెయ్యి ఆవిడది. యాభై దాటినా గురి తప్పలేదు. సంతలో విత్తనాలు కొనేటప్పుడు మూట పైన కనబడే గింజలు చూసి ఒప్పుకునేది కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచీ పక్కల నుంచీ తీసి చూసేది. ఆవిడ వస్తోందంటే కొందరు వ్యాపారులు మూట మూతి కట్టేసేవారట.

కుంపిణీ పోయి రాణిగారి దొరతనం వచ్చిన పది పన్నెండేళ్ళకు, భూములకు తరం కట్టడానికి మా ఊళ్ళో ఒక దొర డేరా దిగింది. ఎకరానికి ఎంత పండుతుందో తేల్చి, దాన్నిబట్టి ముప్ఫై ఏళ్ళకు ఒకేసారి శిస్తు ఖాయం చేస్తారు. ప్రతి చేనూ కోసి చూడలేరు గనుక ఒకచోట సెంటు నేల కొలిచి, కోసి, నూర్చి, గింజల్ని పడితో కొలుస్తారు. వచ్చినదాన్ని నూరుతో హెచ్చవేసి ఊరంతటికీ ఎకరానికి అదే అంకె రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ సెంటు ఎక్కడిది, ఎవరు చూపించారు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

దాన్ని చూపించినవాడు ఊరి మణియకారుడు చెల్లప్పనాయుడు. గ్రామాధికారి, రామక్కాళ్‌కు చిన్నాన్న కొడుకు. దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే నాకు ఇంత మండేది కాదు. మావాళ్ళకు ఒక రోగం ఉంది. చుట్టం వస్తే పొలానికి తీసుకెళ్ళి ఉన్నవాటిలో మంచి పైరు చూపిస్తారు, గిడసబారినదాని వైపు తల కూడా తిప్పనివ్వరు. దొర గుర్రం దిగగానే చెల్లప్పకు ఆ రోగం తిరగబెట్టింది. బావి పక్కన, మూడు రాత్రులు గొర్రెలమందను నిలిపి ఎరువు పట్టించిన తన మడికి తీసుకెళ్ళాడు. సెంటుకు ఆరు పడుల సజ్జలు వచ్చాయి. చెల్లప్ప మీసం తిప్పాడు. కొలతలు రాసే ముత్తుసామిపిళ్ళై ఆరు అని రాసుకున్నాడు.

కబురు తెలియగానే రామక్కాళ్ చేతిలో కొడవలితోనే చెల్లప్ప ఇంటికి వచ్చింది.

"ఏంరా చెల్లప్పా, ఊరికి ఏం చేసి పెట్టినావురా?"

"ఊరి మానం నిలబెట్టినానక్కా. దొర ఎదట ఎండిపోయిన చేను చూపించేదా?"

"మానమా! ముప్పై ఏండ్లు ఆరు పడి లెక్కన కట్టాలంటే నీ మీసం గొరిగి కట్టేదా? నా తూర్పు చేన్లో సెంటుకు ఒగటిన్నర రాలితే ఆ ఏడు మాకు పండగ గదరా!"

ఆవిడ నేరుగా డేరాకు వెళ్ళి పిళ్ళై ముందు నిలబడింది.

"ఎన్నమ్మా సత్తం?" ఈ గోలేమిటని పిళ్ళై అరవంలో గద్దించాడు. ఆవిడ తగ్గలేదు.

"మూట పైన పిడికెడు చూసి మూటంతా కొంటామా అయ్యా? అట్ల ఉండాది మీ అళవు, మీ కొలత. నా చేను కోసి చూడండి."

పిళ్ళై తెలివైనవాడే. "నువ్వు శిస్తుకు భయపడి ఊళ్ళోకెల్లా చెడ్డ చోటు చూపిస్తావు. మణియకారుడు పెద్దరికం కోసం మంచి చోటు చూపించాడు. నేను ఎవరిని నమ్మాలి?" అన్నాడు.

అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. అందుకే ఆవిడకు ఇంకా మండింది. నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పి అతని బల్ల మీద పడేసింది.

"శరి. నేను చూపించను, చెల్లప్ప చూపించడు, మీరూ చూపించొద్దండి. నా కండ్లు కట్టి గిరగిర తిప్పి వదలండి. ఏడు రాళ్ళు విసురుతాను. యాడ పడితే ఆడ కోయండి. రాయికి శిస్తూ లేదు, మానమూ లేదు."

పిళ్ళై ఈ మాట దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర పడీ పడీ నవ్వి, వేడుకగా ఉంటుంది కానిమ్మన్నాడట. మా ముత్తవ్వకు ముప్ఫై ఏళ్ళ కూటి సంగతి, ఆయనకు వేడుక!

మరునాడు పొద్దున ఊరు ఊరంతా పొలాల నడిమి దిబ్బ దగ్గరికి చేరింది. వెతకడానికి తేలికగా ఉండాలని రాళ్ళకు సున్నం పూశారు. పిళ్ళై స్వయంగా ఆవిడ కళ్ళకు గంత కట్టి, ప్రతి రాయికీ ముందు భుజాలు పట్టుకుని తిప్పాడు.

మొదటి రాయి తిన్నగా పోయి చెల్లప్ప మంద కట్టిన మడిలో పడింది! అంతకుముందు కోసిన సెంటుకు పదడుగుల దూరంలో. జనం ఉసూరుమన్నారు. కోడలు కాంతమ్మాళ్ పరుగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది.

"అత్తా, చెయ్యి జారిందని చెప్పు. ఇంగోటి విసురు."

"నచ్చని రాయి తీసేస్తే చెల్లప్పకూ నాకూ ఏం భేదమే? కోయనీ" అంది రామక్కాళ్, గంత విప్పకుండానే.

నాలుగో రాయి మొలకే లేని సుద్దదిబ్బ మీద పడింది. ఇది చేను కాదు, లెక్కలోకి రాదన్నాడు పిళ్ళై.

"పట్టాలో ఈ దిబ్బా ఉండాది గదా? శిస్తు దీనికీ కట్టేదే గదా? సున్నా అని రాయండి."

రాశాడు. రెండు రోజులు కోసి, ఆరబెట్టి, నూర్చారు. ఏడు చోట్లా వరసగా ఆరు, రెండు, ఒకటి, సున్నా, మూడు, ఒకటి, ఒకటి. ఆవిడ అంతా ఒక్క రాశిగా పోయించి ఏడు కుప్పలుగా పంచమంది. కుప్పకు రెండేసి పడులు వచ్చాయి. ఊరి పంట అంటే అదీ. అక్షరం ముక్క రాని మనిషి చేసిన లెక్కలో ఈనాటికీ నాకు తప్పు కనబడదు.

నెలన్నర తర్వాత చావడిలో పిళ్ళై తరం చదివాడు. ఎకరానికి ఆరువందల పడులు.

రామక్కాళ్, "ఆరెట్ల వచ్చిందయ్యా?" అని అడిగింది.

పిళ్ళై తల ఎత్తకుండా దొర రాసిన కారణం చెప్పాడు. ఏడు కొలతలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదట, అందుకని నమ్మదగ్గవి కావట. మణియకారుడి మడిలో మొదట ఆరు వచ్చింది. ఆవిడ కళ్ళకు గంత కట్టుకుని విసిరిన మొదటి రాయికీ ఆరే వచ్చింది. రెండు సార్లు ఒకే అంకె వస్తే అది నిజమేగా అన్నాడట దొర. పంచినప్పుడు వచ్చిన రెండును ఎక్కడా రాయలేదు.

ఒకే తప్పు చోట రెండుసార్లు కొలిస్తే రెండుసార్లూ ఒకే తప్పు వస్తుంది. దానికి సాక్ష్యం అని పేరు పెట్టారు. అదీ మా ముత్తవ్వ సాక్ష్యం! దాచేయడానికి మనసొప్పక ఆవిడ ఉంచిన రాయినే తీసి ఆవిడ నెత్తిన కొట్టారు.

"ఆనాడే ఆ రాయి వద్దంటినే అత్తా" అని కాంతమ్మాళ్ ఏడ్చింది.

"రాయి ఏం చేసెనే? ఆరు రాళ్ళు పారేసి ఒగటి ఏరుకున్నోనిది తప్పు" అని రామక్కాళ్ పిళ్ళై వైపు తిరిగి గొంతెత్తింది. "మీ కండ్ల ఎదట కొలిచినారు గదా అయ్యా! మీ చేత్తో సున్నా రాసినారు గదా! దొరకు చెప్పేదానికి నోరు లేదా?"

కొలత తమ ఎదుటే జరిగిందనీ, తమకు సమ్మతమేననీ రాసిన కాగితం తీసి పిళ్ళై పట్టాదారులను నిశాని పెట్టమన్నాడు. ఒక్కొక్కరే వంగి గీత గీశారు. చెల్లప్ప సంతకమే చేశాడు. రామక్కాళ్ మాత్రం కలం ముట్టలేదు. ఏడు అంకెలూ రాస్తే గీస్తానంది. బంట్రోతు వచ్చి రెక్క పట్టుకుని చావడి మెట్లు దింపే దాకా, దింపాక కూడా, అరుస్తూనే ఉంది.

మరుసటి ఏడు తూర్పు ఐదెకరాలకు రాజీనామా ఇచ్చి వదిలేసుకుంది. అరక దున్నిన కొడుకు ఏలక్కాయ తోటల్లో కూలికి బోడినాయకనూరు పోయాడు. అక్కడి చలిజ్వరంతోనే పోయాడు.

ఆ కాగితం నకలు చెల్లప్ప మనవడి ఇంట్లో ఉంటే అడిగి చూశాను. ముప్ఫై నాలుగు పేర్లు, ముప్ఫై రెండు నిశానులు, చెల్లప్ప సంతకం ఒకటి. రామక్కాళ్ పేరుకు ఎదురుగా అరవంలో ఒకే మాట ఉంది: వరవిల్లై. రాలేదు అని. చావడి దద్దరిల్లేలా అరిచిన మనిషిని రాలేదని రాశారు. ఆ కొలత కాగితాల్లో మా ముత్తవ్వ పేరు నాకు కనబడిన చోటు అదొక్కటే.