ముందు గట్టు, తర్వాత రంగు

మొన్న మదనపల్లెలో, నా అంగడిలో, ఎవరి పాపదో పుట్టినరోజు ఫ్లెక్సీకి గులాబీ రంగు నింపుతుండగా పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మాస్టరు పోయారు. చెప్పింది ఆయన భార్య. నేను అక్కా అని పిలుస్తాను. ఏడుస్తూనే, "దినాలకు ఫ్లెక్సీ నువ్వే ఎయ్యాలమ్మా. ఎనక తెల్లగా మాత్రం ఇడసొద్దు, ఆయప్పకు గిట్టదు" అనింది.

నిజమే, గిట్టదు. పుంగనూరులో ఆయన ఫ్లెక్సీ అంగడిలోనే నేను పని నేర్చుకున్నాను. వేలెడు తెల్లచోటు కనిపించినా ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. "యాల ఇడిసిపెట్టినావమ్మా దాన్ని? ఇంకు మిగిలించుకున్నామనుకుంటారు జనం" అనేవారు. పెళ్లికి చిలకపచ్చ, ఎన్నికలకు పార్టీవాళ్లు చెప్పిన రంగు, చావుకు లేత నీలం.

కంప్యూటర్లో రంగు నింపడానికి బకెట్ గుర్తు ఒకటి ఉంటుంది. దాంతో ఫోటోలో ఒకచోట నొక్కితే, గీత అడ్డం వచ్చేదాకా రంగు పారుతుంది. గీతలో చిన్న సందున్నా చాలు, పక్కదంతా మునిగిపోతుంది. మాస్టరుది సేద్యం చేసే ఇల్లు. "ముందు గట్టు కట్టు, తర్వాత నీళ్లిడువు" అని రోజూ చెప్పేవారు. ఆయన మాత్రం కట్టేవారు కాదు. అంత తొందర.

ఒకసారి కుప్పం నుంచి గ్రానైట్ వ్యాపారి ఒకాయన గృహప్రవేశం ఫ్లెక్సీకి వచ్చి, వాళ్ల నాయన తెల్లగడ్డం నల్లగా చేయమన్నాడు. మాస్టరు గడ్డం మీద నొక్కారు. నలుపు గడ్డంలోంచి దిగి తెల్లచొక్కా మొత్తం మింగేసింది. మేమెవరం చూసుకోలేదు, ప్రింటయిపోయింది. ఫ్లెక్సీ విప్పగానే వ్యాపారి మొహం మాడిపోయింది. వెంట వచ్చిన వాళ్ల నాయన మాత్రం దగ్గరికెళ్లి తేరిపార చూసుకుని, "నల్లకోటు ఏసినారే నాకు. లాయరు మాదిరి ఉండాను. ఇంట్లోకి ఇంకోటి కొట్టప్పా" అన్నాడు. మాస్టరు నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "సూసినావా, గండి పడినా పంట పండిండాది" అన్నారు.

దినాలకు వెతికితే ఆయన ఫోటో ఒక్కటే దొరికింది. తెల్ల గోడ, తెల్ల చొక్కా, తెల్ల జుట్టు. ఊరందరికీ రంగులు పోసిన మనిషి తానేమో ఇట్లా ఉన్నారు. పుంగనూరు పోయి ఆయన కంప్యూటర్ ముందే కూర్చున్నాను, పక్కన అక్క. ఈ ఒక్కదాంట్లోనైనా ఆయన చెప్పిన మాట నిలబెట్టాలని పంతం పట్టి, మనిషి చుట్టూ ఓపిగ్గా గీత గీశాను. గోడ మీద లేత నీలం పోశాను. ఎక్కడో సందు మిగిలింది. నీలం ఎడమ భుజంలోకి పారి, చొక్కా మడత నీడ అడ్డం పడితే ఆగింది.

నాలుక కరుచుకుని దాన్ని తీసేయబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఉండనీమ్మా. ఆయప్పే కొట్టినట్టుండాది."

నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. ఆయనంటే నాకు చాలా ప్రేమ, ఎప్పుడూ చెప్పలేదు.

ఫ్లెక్సీ ఇప్పుడు ఆయన అంగడి ముందరే కట్టి ఉంది. మాస్టరు నవ్వుతున్నారు. ఎడమ భుజం ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి, చొక్కా ఎక్కడ అయిపోయిందో, నీలం ఎక్కడ మొదలైందో అని తల వంచి చూసి పోతున్నారు.