నా పేరు మీద బామ్మర్ది రక్తం

సూదికి భయపడి నేను చేసిన గాడిదపని చెబుతాను, వినండి. వానలే సరిగ్గా పడని అనంతపురం జిల్లాలో ఉంటూ కూడా కొంప ముంచుకున్న మనిషిని నేను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు నలభై నాలుగు. అనంతపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, బుక్కరాయసముద్రంలో కాపురం. రోజంతా కుర్చీలో కూర్చోవడం తప్ప ఒంటికి ఇంకో శ్రమ తెలియదు. షుగరు బయటపడ్డాక డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. పెద్దావిడ, మొహమాటం లేని మనిషి.

"రోజూ నడువు. అన్నం తగ్గించు. సంగటి తిను, అదీ ఒక్క ముద్దే. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తాం. అప్పటికీ తగ్గకపోతే ఇంజక్షన్లే."

ఆ చివరి మాటకు నా చూపు తలుపు మీదికి పోయింది. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్లు వస్తే గోడ దూకి పారిపోయినవాణ్ణి. ఇప్పుడు గోడ దూకే ఒళ్లు కూడా కాదు.

మూడు నెలలూ నేను చాలా శ్రద్ధగానే ఉన్నానండీ. పొద్దున్నే చెరువు కట్ట మీద చెమటలు కారేలా నడిచేవాణ్ణి. కట్ట దిగాక, అంత కష్టపడ్డాను కదా అని, బండి దగ్గర ఒక ప్లేటు బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తినేవాణ్ణి. సంగటి మంచిదన్నారు కాబట్టి మూడు ముద్దలు, శెనక్కాయల చట్నీతో. మంచిది కాస్త ఎక్కువైతే మరీ మంచిది కాదా, మీరే చెప్పండి!

పరీక్ష దగ్గర పడేకొద్దీ గుబులు మొదలైంది. ముందురోజు పస్తుండి గట్టెక్కుదామంటే కుదరదట. ఈ పరీక్ష ఆ పూట చక్కెర చూసి ఊరుకోదు, మూడు నెలల సగటు బయటపెడుతుంది. అంటే నేను తిన్న బజ్జీలన్నీ సాక్ష్యం చెప్పడానికి రక్తంలో వరసగా కూర్చున్నాయన్నమాట.

అప్పుడు గుర్తొచ్చాడు ఓబులేసు. నా భార్య సరోజకు తమ్ముడు. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుతాడు. పొద్దు పొడిచింది మొదలు మంద వెనక నడకే నడక. మనిషి జొన్నదంటులా ఉంటాడు. షుగరంటే కుర్చీల్లో కూర్చునేవాళ్ల జబ్బనీ, వాడికి రమ్మన్నా రాదనీ నా నమ్మకం. వెంటనే ఫోన్ చేశాను.

"ఓబులేసూ, నీ రక్తం కొంచెం కావాలప్పా."

"ఎంత బావా? బాటిలా?"

"ఒక్క చెంచాడు. షుగరు పరీక్షకు, నా పేరు మీద ఇచ్చిపోవాల. సన్నగా ఉండి నడిచేవానివి, నీకు షుగరు రాదులే. మీ అక్కకు మాత్రం చెప్పొద్దు."

"దాందేముండాది! గొర్రెలకు సూదులేసేది నేనే కదా, నాకేం భయం? రేప్పొద్దున్నే వస్తా."

మందను పెళ్లానికి అప్పగించి వచ్చేశాడు. బస్సు దిగీ దిగగానే రెండు సీసాల నీళ్లు గటగటా తాగాడు.

"ఏమప్పా, అంత దప్పిక?"

"ఎండలు బావా, ఎండలు!"

సరేననుకున్నాను. మా జిల్లాలో ఎండ మీదికి తోసేయలేని నేరం లేదు.

ల్యాబులో అమ్మాయి "రామాంజనేయులు ఎవరు?" అని నా పేరు పిలిచింది. వాడు నాకన్నా దర్జాగా "నేనే" అని చెయ్యి చాపాడు. సూది వాడికి గుచ్చితే చెమటలు నాకు పట్టాయి.

మరునాడు రిపోర్టు తీసుకుని, సరోజను వెంటబెట్టుకుని, గెలిచిన ముఖంతో డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. అక్కను చూసిపోదామని వచ్చినట్టు నటిస్తున్న ఓబులేసు బయట బెంచీ మీద ఉన్నాడు. డాక్టరమ్మ కాగితం చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏం తిన్నావయ్యా? ఇంత పెరిగిందే! కళ్లు, కిడ్నీలు ఏం కావాల? ఇంక మాత్రలతో అయ్యే పని కాదు. సిస్టర్, ఇన్సులిన్ తీసుకురామ్మా!"

నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

"ఆగండమ్మా! అది నా రక్తం కాదు!"

"మరెవరిది?"

"మా... మా సరోజ తమ్ముడిది," అన్నాను గోడకేసి చూస్తూ.

తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే సరోజ ఏడుస్తోంది.

"నా తమ్మునికి అంత షుగరుండాదా? వానికేమన్నా అయితే ఆ పసిపిల్లోళ్ల గతేంది?"

అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. భయమూ వేసింది.

డాక్టరమ్మ ఓబులేసును లోపలికి పిలిచింది.

"దాహం ఎక్కువుందా? రాత్రుల్లో మాటిమాటికీ లేస్తావా?"

"లేస్తా మేడమ్. ఎండకనుకుంటి."

"సన్నగా ఉండి, బాగా నడిచేవాళ్లకు షుగరు రాదని ఎవరు చెప్పినారు నీకు?"

వాడు వేలెత్తి నన్ను చూపించాడు.

ఇద్దరికీ మళ్లీ, ఎవరి పేరు మీద వాళ్లకు, రక్తం తీశారు. వాడి షుగరు నిజమేనని తేలింది. నాదేమో కొంచెం తగ్గింది! "నడక పని చేసింది. ఆ బజ్జీలు మానితే నీకు మాత్రలు చాలు," అంది డాక్టరమ్మ. తన ఇంటికే కన్నం వేసుకున్న దొంగను ఎక్కడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి.

ఓబులేసు ఇన్సులిన్ మోతాదు కుదిరేదాకా మా ఇంట్లోనే ఉండాలని తేల్చారు. "గొర్రెకైతే చెయ్యి ఆగదు మేడమ్, నాకు నేను పొడుచుకోవాలంటే ఆడదు," అన్నాడు వాడు. ఇంట్లో ఒకరు నేర్చుకోవాలంది డాక్టరమ్మ. సరోజ కళ్లు తుడుచుకుని, "ఈయన నేర్చుకుంటాడు," అంది. నన్ను ఎవరూ అడగలేదు.

మరునాడు పొద్దున వాడి పొట్ట మీద చర్మం పట్టుకున్నాను. ఇంకో చేత్తో సూది పట్టుకున్నాను. దేవుణ్ణి తలుచుకున్నాను. ఇంతలో వాడి కేక.

"బావా! కండ్లు మూసుకోవాల్సింది నేనప్పా! నువ్వు తెరువు!"

వాడిప్పుడు బాగున్నాడు. టీలో చక్కెర మానేశాడు, సూది తనే వేసుకుంటాడు. ఎదురైన ప్రతివాడికీ మాత్రం "మా బావ దొంగబుద్ధే నన్ను బతికించినాది," అని చాటుతాడు. అది పొగడ్తో కాదో నాకింకా తేలలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మకు నా రక్తం నేనే ఇస్తాను, ఇంకొకరి చెయ్యి అరువడగను. గుండె మీది నా చెయ్యి కొంచెం వణుకుతోందంటే అది షుగరు వల్ల కాదు. నేను రాస్తుంటే సరోజ వెనక నిలబడి చదువుతోంది.