కొబ్బరిచెట్టెక్కిన రెండో బ్యాటరీ

మా బావగారి గ్లైడర్‌ని నేను కూల్చేశానని రాజమండ్రి నుంచి రాజోలు దాకా మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. కూలడమంటే నేల తగలాలి కదండీ. దానికి నేల తగల్లేదు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు గొడవ గృహప్రవేశం నాటిది. అక్కావాళ్ల కొత్త ఇంటికి వైరింగ్ నేనే చేశాను. ఎవరో కాలింగ్ బెల్ నొక్కితే దేవుడి గదిలో ఫ్యాను తిరిగి దీపం ఆరిపోయింది. ఒక్కసారే. ఆమాత్రానికే బావగారు భోజనాల పంక్తిలో, నా విస్తరిలో పూర్ణంబూరె పడుతుండగా, "మా సత్తిబాబుకి టార్చిలైట్లో సెల్లు వెయ్యడం కూడా రాదండి" అన్నారు. ఆ బూరె రుచేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

అందుకే, ఆయన నాలుగు నెలలు కూర్చుని రిమోట్‌తో నడిచే గ్లైడర్ ఒకటి తయారుచేసుకుంటే, వైరింగ్ పని పట్టుబట్టి నేనే లాక్కున్నాను. దానికి ఇంజను ఉండదు, గాలి మీద తేలుతుంది. తోక తిప్పే బుల్లి మోటార్లకే బ్యాటరీ కావాలి.

"రెండు బ్యాటరీలు పెట్టు సత్తిబాబూ. పైనుండగా ఒకటి అయిపోతే రెండోది అందుకోవాలి."

"అందుకుంటుందండి. బాగా ఎగిరితే ఆ టార్చిలైటు మాట వెనక్కి తీసుకుంటారా?"

"మైకు పెట్టించి మరీ తీసుకుంటాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో ఎలాగూ ఓడాను కాబట్టి, ఏటిగట్టు మీద గెలుద్దామనుకున్నాను.

ఆదివారం మూడు ఆటోల నిండా చుట్టాలు గట్టు మీదికి దిగారు. వచ్చిన ప్రతివాళ్లకీ బావగారు తోక ఆడించి చూపించారు. గంటసేపు. మొదటి బ్యాటరీ సగం అక్కడే చచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆయన గుర్తుపెట్టుకోలేదు.

గ్లైడర్ లేచింది. గోదావరి గాలికి గద్దలా తేలింది. మైకు ఎక్కడ అద్దెకిస్తారా అని నేను ఆలోచిస్తున్నాను. ఇంతలో చూస్తే బావగారు రిమోట్‌ని నిమ్మకాయ పిండినట్టు పిండుతున్నారు.

"సత్తిబాబూ, ఇది మాట వినట్లేదు."

"మొదటిది అయిపోయుంటుందండి. కంగారేం లేదు, రెండోది నిండుగా ఉంది."

"మరి అందుకోదేం?"

"స్విచ్చు వెయ్యాలి కదండీ."

"ఏం స్విచ్చు?"

"చేంజోవరండి. కరెంటు పోతే జనరేటర్‌కి మార్చుకోడానికి మనింట్లో ఉంటుంది చూడండి, అలాంటిదే బుల్లిది. ఇటు నొక్కితే ఒకటి, అటు నొక్కితే రెండు."

"ఎక్కడుంది అది?"

నేను ఆకాశంలోకి చూపించాను.

ఆయన పైకి చూశారు. నన్ను చూశారు. మళ్లీ పైకి చూశారు. "అక్కడ ఎవడేస్తాడయ్యా?"

ఈ ప్రశ్న ఆయన వారం ముందే అడగొచ్చు. అడిగారా? లేదు.

ఈలోగా గ్లైడర్, సంబంధం నచ్చక పెళ్లిచూపుల్లోంచి లేచి వెళ్లిపోయే పెళ్లికొడుకు మేనత్తలా, మావైపు కన్నెత్తి చూడకుండా గట్టు దాటి, తోటలో ఒక కొబ్బరిచెట్టు చిటారున, మట్టల మధ్య మొవ్వులో కూర్చుంది.

కొబ్బరి దింపులు తీసే నూకరాజుని బతిమాలి చెట్టెక్కించాం. పైనుంచి కేకేశాడు: "పిట్టకేం కాలేదండి. పక్కన బుల్లి స్విచ్చొకటుందండి. నొక్కమంటారా?"

"నొక్కు" అన్నాను, బావగారి కంటే ముందు.

నొక్కాడు. చెట్టు మీద తోక టపటపా ఆడింది.

"చూశారా, వైరింగులో ఏ లోపమూ లేదు."

"ఆయ్, లేదు" అన్నారు బావగారు. "నూకరాజుని లోపల కూర్చోబెట్టి పంపకపోవడం నాదే తప్పు."

ఆయన మాట మీద నిలబడే మనిషే. మేనకోడలి ఓణీల ఫంక్షన్లో నిజంగానే మైకు పట్టుకుని టార్చిలైటు మాట వెనక్కి తీసుకున్నారు. దాని బదులు నేను గ్లైడర్‌ని కూల్చేసిన కథ చెప్పారు.

అందుకని గోదారమ్మ సాక్షిగా ఒట్టేస్తున్నాను: నేను కూర్చోడానికి లోపల చోటు లేని దేనికీ ఈ జన్మలో స్విచ్చు బిగించను.