నేను నీళ్లు పెట్టి ముంచిన మడి

మా చిన్నప్పుడు పట్నం చివర మౌలాలి దాటి కాస్త ముందుకు పోతే వరి మడులు ఉండేవి... ఇప్పుడు చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. అందులో ఎకరం మాది. మాది అంటే మా నాయనది, పెద్దనాయనది కలిపి.

ఆ ఏడు బోరులో నీళ్లు తగ్గాయి. నాయన ఎక్కడో మీటింగుకు పోయి 'శ్రీ వరి' అని కొత్త పద్ధతి నేర్చుకొచ్చాడు. పది రోజుల నారు, రెండే రెండు ఆకులు... జానెడు దూరానికి ఒక్కటంటే ఒక్క మొక్క. మడిలో నీళ్లు నిలపకూడదట. మన్ను సన్నగా నెర్రెలిచ్చాకే మళ్లీ తడి పెట్టాలట. నాటు వేయడానికి వచ్చిన ఆడవాళ్లు ఒకటే నవ్వు.

పెద్దనాయన మాత్రం నవ్వలేదు. గట్టు మీద నిలబడి, "ఈసారి పంట రాకుంటే ప్లాట్లోళ్లకు అమ్మేద్దాం తమ్మీ. ఇగ నాతోని గాదు" అన్నాడు. నాయన తలూపాడు.

నేను పక్కనే నిలబడి విన్నాను. మడి పోతే మేమేం తింటాం? నాకప్పుడు పదేళ్లు. బియ్యం దుకాణంలో దొరుకుతాయని తెలుసు, అయినా భయమే.

నాటు వేసిన వారానికి నెర్రెలు మొదలయ్యాయి. బడి నుంచి రాగానే పరుగెత్తి చూసేదాన్ని. వరి అంటే నీళ్లలో నిలబడాలి కదా... ఇది చచ్చిపోతోంది, నాయనకు తెలియడం లేదు అనుకున్నాను. అమ్మతో చెబితే, "మీ నాయనకు తెల్వదా? జెర సప్పుడు జెయ్యకు" అంది. కానీ అమ్మ మడి వైపు చూడటమే మానేసింది. అది గమనించాక నాకు అన్నం సయించలేదు.

ఒక ఆదివారం నాయన కలుపు తీసే మిషన్ అద్దెకు తేవడానికి పోయాడు. నేను మోటారు గదిలోకి వెళ్లి పచ్చ బటన్ నొక్కేశాను. నీళ్లు పారుతుంటే ఎంత సంతోషమో... నెర్రెలన్నీ మూసుకుపోయాయి. పంటను బతికించానని గట్టు మీద కూర్చున్నాను. ఎప్పుడు కునుకు పట్టిందో ఏమో, లేచేసరికి మడిలో మొక్కలు కనబడలేదు. ఒట్టి నీళ్లు.

పరుగున పోయి ఎర్ర బటన్ నొక్కాను. ఒక మూల మొక్కలు వేళ్లతో సహా తేలుతున్నాయి. మడి పోయింది, ప్లాట్లోళ్లు వస్తారు, అంతా నావల్లే... గది వెనక నక్కి కూర్చుని ఏడ్చాను.

నాయన వచ్చాడు. తిట్టలేదు. మిషన్ అక్కడే పడేసి, పారతో గట్టు తెంపి నీళ్లు బయటికి వదిలాడు. తర్వాత నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకు పెట్టినవ్ బిడ్డా నీళ్లు?"

"ఎండిపోతుంటే భయమైంది నాయనా."

నాయన మడి వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "నాక్కూడా భయమైతుంది బిడ్డా. రోజూ పొద్దుగాల్ల లేచి నేను సుత గా నెర్రెలే జూస్తున్న" అన్నాడు.

కొట్టినా అంత బెదిరేదాన్ని కాదు. నాయనకు అన్నీ తెలుసనుకుంటున్నాను కదా అప్పటిదాకా...

నారుమడిలో మిగిలిన మొక్కలు తెచ్చి ఆ మూల ఇద్దరం మళ్లీ నాటాం. తక్కినవి ఎట్లాగో బతికాయి. కోతల నాటికి ఒక్కో దుబ్బు నా గుప్పిట్లో పట్టనంత లావైంది. పెద్దనాయన వడ్లు చేతిలో పోసుకుని చూసి, "ఇంకో ఏడు జూద్దాం తీ" అన్నాడు. అట్లా ఇంకో ఏడు, ఇంకో ఏడు... బోరు పూర్తిగా ఎండిపోయేదాకా. ఇప్పుడక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే.

మేం మారేడ్‌పల్లిలో మూడో అంతస్తులో ఉంటున్నాం. మొన్న ఎండాకాలం ట్యాంకర్ రెండు రోజులు రాలేదు. మా పాప నా దగ్గరికొచ్చి, "మమ్మీ, అసలు నీళ్లే రాకపోతే?" అంది. "ఏం కాదురా, వస్తాయి" అనేశాను, ఫోన్ చూసుకుంటూ. నాకూ భయంగానే ఉంది. ఆ ఒక్క మాట దాని పక్కన కూర్చుని చెప్పలేకపోయాను... మా నాయన చెప్పాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడైనా మీ ముందు తమ భయం ఒప్పుకున్నారా? ఒప్పుకుని ఉంటే రాయండి... నాకు చదవాలని ఉంది.