మేనమామ సెలవు

టీవీలో ఎవరైనా "సైన్యం సర్వసన్నద్ధంగా ఉంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సైన్యంలో నా తమ్ముడున్నాడు. వాడు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆ చెప్పేవాళ్లకేం తెలుసు?

మా ఇంట్లో బిడ్డకు పుట్టు వెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. నా కూతురికి మూడో ఏట తీయిద్దామంటే తమ్ముడి సెలవు రద్దయింది. ఐదో ఏడు వచ్చింది, జడ నడుము దాకా దిగింది, సెలవు మళ్లీ వాయిదా పడింది.

"ఇంకెన్నాళ్లు చూస్తావే? వరసకు మామయ్యేవాడు యాడా దొరకడా?" అంది మా అత్త.

"నా తమ్ముడుండాడు. వాని ఒడిలోనే తీయిస్తా!" అన్నాను. హిందూపురంలో మా వీధంతా వినపడే ఉంటుంది.

చివరికి వాడికి నెల సెలవిచ్చారు. పెనుకొండలో మా ఇంటి దేవుడి గుడికి తీసుకుపోదామని, కారు మాట్లాడుకుని ధర్మవరం స్టేషనుకు వెళ్లాం. వాడు రైలు దిగి బ్యాగు కింద పెట్టకముందే ఫోను మోగింది. నిటారుగా నిలబడి "యస్ సార్" అన్నాడు.

"వెనక్కి రమ్మంటాండారక్కా. సాయంత్రం రైలుకే."

"ఏం, ఆడ నువ్వొక్కనివేనా ఉండేది?"

"మనుషులు చాలడం లేదు. కాపలా పోస్టులేమో పెరిగిపాయ. ఇద్దరి డ్యూటీ ఒకడే చేస్తాండాం."

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాడి బ్యాగు లాక్కుని కారులో పడేసి, నేరుగా గుడికే పోనిమ్మన్నాను.

గుడిలో నా కూతురు వాడి దగ్గరకు పోనంటే పోనంది. ఫోన్లో చూసిన మామ ఇంత నల్లగా, ఇంత చిక్కిపోయి లేడు మరి. బలవంతాన కూర్చోబెడితే గింజుకుంది. గుండు చేసే ఆయన "తల కదలకుండా పట్టుకోప్పా" అంటే తమ్ముడు రెండు చేతులా పట్టుకున్నాడు.

సగం గుండు అయ్యేసరికి ఆ చేతులు జారిపోయాయి. చూస్తే వాడు స్తంభానికి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఇది కత్తి కింద ఎక్కడ గింజుకుంటుందోనని నేను పరుగెత్తాను. నా కూతురు నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుంది.

"మామ నిద్రపోతాండాడు," అంది గుసగుసగా. తర్వాత తనే తల వంచి, కదలకుండా కూర్చుంది.

గుండయ్యాక స్నానానికి రమ్మన్నా ఒడిలోంచి దిగలేదు. మా అత్త "ఉండనీలే" అని పక్కన కూర్చుని, కొంగుతో వాడి మీద ఈగలు తోలింది. రైలుకు టైమైంది. మా ఆయన కారు గుడి ముందుకు తెప్పించాడు. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు, అందరూ నా ముఖమే చూశారు.

భుజం మీద చెయ్యి వేశాను. వాడు ఉలిక్కిపడి లేచి, బిడ్డను గట్టిగా పట్టుకుని, "యస్ సార్" అన్నాడు.