మా ఇంటాయనను పలకరించని అయ్యవారు

అయ్యవారు పోయారని పాలు పోసే అమ్మి వచ్చి చెప్పింది. "పొద్దున తలుపు తీయలేదంటక్కా. పక్కింటోళ్లు కొట్టి కొట్టి, ఆఖరుకు గడియ పెరికి చూస్తే మంచంలోనే పోయుండాడంట" అంది. పాలగిన్నె పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది భయం. వెనక్కి తిరిగి చూశాను. మా ఇంటాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. విన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

పోయిన మనిషిని తలచుకోవలసిన చోట ఈమె భయం సంగతి ఎత్తుకుందేమిటని మీరు అనుకోవచ్చు. ఆ వారమే గుత్తి కోట కింద మా ఇంటాయన ఫిట్టరుగా ఉన్న నూనె మిల్లులో పాత యంత్రాలు ఆపేశారు. కొత్తవి గుంతకల్లు నుంచి లారీల్లో వచ్చి చెక్కపెట్టెల్లోనే ఉన్నాయి. అవి బిగించాక ఎవరిని పనిలోకి పిలుస్తారో, ఎవరిని పిలవరో మేనేజరుకు తప్ప ఎవరికీ తెలియదు. వానలు లేక చేలన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి. మిల్లు వద్దంటే పోయి చేసుకునేందుకు కూలి పని కూడా లేదు. అట్లాంటి వారంలో అయ్యవారి ఇంటి గడప తొక్కడమంటే ఏమిటో మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనిది రాస్తున్న ఈ పొద్దుకు మిల్లు ఇంకా తెరవలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆయన మా ఇంటి ముందు గది బాడుగకు అడుగుతూ వచ్చారు. అనంతపురంలో కాలేజీ లెక్చరరు. సొంత ఊరు కుందుర్పి పక్క పల్లె. భార్య పోయింది, పిల్లలు లేరు. డాక్టరేటు కోసం సెలవు పెట్టి మా మిల్లు మీద పరిశోధన చేయడానికి వచ్చానని చెప్పారు. నేను ప్రైమరీ స్కూలు టీచరును. మిల్లు మీద పరిశోధన అంటే యంత్రాల సంగతి అనుకున్నాను.

"యంత్రాలు కాదమ్మా, మనుషులు. ఒక మిల్లులోకి కొత్త పద్ధతి వస్తాది. కొందరు ఒప్పుకుంటారు, కొందరు మొరాయిస్తారు. ఎందుకు మొరాయిస్తారు? ఎట్ల తెస్తే మనుషులు నలగకుండా ఉంటారు? అది తెలుసుకోవాల" అన్నారు.

"దానికి డాక్టరేటు ఎందుకు సార్? కొత్త కోడలు ఇంట్లోకి వస్తే ఏమవుతాదో ఏ అత్తనడిగినా చెప్తాది" అన్నాను. నా నోటికి అప్పుడూ ఇప్పుడూ గడియ లేదు.

ఆయన కడుపు పట్టుకొని నవ్వారు. "అత్తను అడిగితే ఒక మాట చెప్తాది. కోడల్ని గూడా అడగాల గదమ్మా!" అన్నారు.

తిన్న తట్ట తానే కడుక్కునేవారు. వద్దన్నా వినేవారు కాదు. సంగటి, ఊరిబిండి పెడితే పండగ చేసుకునేవారు. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా విని, "ఆ పైన?" అనేవారు. ఎద్దు తప్పిపోయిందన్నా "ఆ పైన?", కూతురికి కాన్పు అయిందన్నా "ఆ పైన?". వీధిలో పిల్లలు ఆయనకు 'ఆపైన అయ్యోరు' అని పేరు పెట్టారు. ఆయన కోపగించుకోకపోగా ఆ పేరుతో పిలిస్తే పలికేవారు. మనిషి మాట్లాడుతున్నంతసేపూ కలం బయటికి తీసేవారు కాదు. "కలం చూసినాడంటే మనిషి మంచి మాటలే చెప్తాడమ్మా. అబద్ధం కన్నా అదే పెద్ద మోసం" అనేవారు.

ఆ రోజుల్లో మిల్లు యజమాని పెద్దాయన చనిపోయి, కొడుకు చేతికి పెత్తనం వచ్చింది. పెద్దాయన ఉన్నప్పుడు పనివాళ్ళు ఆయన ముఖం మీదే తిట్టేవాళ్ళు. ఆయన కూడా రెండు తిట్టి, బీడీ ఇచ్చి పంపేవాడు. కొడుకు బయటినుంచి మేనేజరును తెచ్చాడు. వాచ్‌మన్ కొట్టే గంట పోయి సైరను కూత వచ్చింది. షిఫ్టులు వచ్చాయి. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా ఒక్కొక్కరుగా మేనేజరు గదికి పోయి చెప్పుకోవాలన్నారు. ఒక్కరూ పోలేదు.

"తిట్టేటోడుండాడంటే ఆ మిల్లుకు ఇంగా ఆయుస్సు ఉండాదని లెక్క. వింటారనే నమ్మకం ఉన్నోడే తిడతాడు. నోర్లు మూతపడితే భయపడాల" అన్నారు అయ్యవారు ఒక సాయంత్రం. ఆ మాట ఆయన పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం అది అక్షరాలా నిజమైంది.

మిల్లు గేటుకు ఎదురుగా ఒక నల్లబండ ఉండేది. అయ్యవారు రోజూ దాని మీద కూర్చుని, భోజనానికి బయటికి వచ్చిన పనివాళ్ళతో మాట్లాడేవారు. చాటుగా కలవడం ఆయనకు నచ్చదు. "చాటున మాట్లాడితే అనుమానం వస్తాది. నలుగురికీ కనపడేట్ల కూచుంటే ఇంగ దాచేదేముండాది?" అనేవారు. న్యాయమే అనిపించింది. మేనేజరు గది కిటికీ ఆ బండ వైపే ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

బండ మీద అందరికంటే ముందు కూర్చున్నవాడు బెల్టులు మార్చే ఓబులేసు. నోటి దురుసు మనిషి, పని మాత్రం దేవుడిలా చేసేవాడు. కూత సంగతి, షిఫ్టుల సంగతి మనసులో ఉన్నదంతా కక్కేశాడు. కొన్నాళ్ళకు అతన్ని యంత్రాల దగ్గర్నుంచి తీసి బస్తాలు మోసేందుకు పంపారు. ఆ తర్వాత బస్తాల పనికి కూడా పిలవలేదు. అతని తర్వాత కూర్చున్న మనిషికీ అదే జరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క గట్టి మాట లేదు, గొడవ లేదు. అయ్యవారు పోతే బండ దగ్గర ఉన్నవాళ్ళు మెల్లగా లేచి, తలగుడ్డలు దులుపుకుంటూ గేటు లోపలికి పోవడం మొదలుపెట్టారు.

అయ్యవారు దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. "మార్పు వచ్చే ముందర ఒక మౌనం వస్తాదని చదివినానమ్మా. అది నా కండ్ల ముందరే వస్తాండాది" అని సంబరంగా చెప్పారు. నాకెందుకో ఆ సంబరం రుచించలేదు. మా ఇంటాయన అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు.

రెండు రోజులకు ఓబులేసు భార్య లక్ష్మక్క మా వాకిట్లోకి వచ్చింది. "అయ్యోరు ఉండాడా?" అని అడిగింది. లేరన్నాను. లోపలికి వచ్చి కూర్చోమన్నాను.

"కూచోనమ్మా. కూచోనే కూచోను. మా ఇంటోడు ఆయప్ప పక్కన కూచున్నందుకే గదా మాకు ఈ గతి పట్టింది. ఎవురు కూచుంటాండారో మేనేజరు కిటికీలోంచి చూస్తాండాడంట. కూచున్నోణ్ణి కూచున్నట్ల ఏరేస్తాండాడంట. నీ మొగుడు ఆయప్పతో ఒగే కప్పు కింద ఉండాడు. చూసుకో తల్లీ" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

ఆ సాయంత్రం అయ్యవారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన "ఆ పైన?" అనలేదు. చెప్పులేసుకొని నేరుగా మేనేజరు దగ్గరికి పోయారు. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"కాఫీ ఇచ్చినాడమ్మా. మీ పరిశోధన మాకు చాలా ఉపయోగంగా ఉంది సార్ అన్నాడు. నేను మీకు ఒక్క మాటన్నా చెప్పలేదే అన్నా. మీరు చెప్పనక్కర్లేదు సార్, నాకు కిటికీ ఉంది అన్నాడు" అని చెప్పి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. "వాళ్ళ మాట ఎవురికీ చెప్పకూడదని ఎంత జాగ్రత్తపడినానమ్మా! మాటలు దాచినా. మనుషుల్ని దాయలేదు."

మరుసటి రోజు నుంచి ఆయన చేసిన పని చూసి ఊరంతా ఈయనకు మతి చెడిందనుకుంది. మిల్లులో ఎవరు కనపడితే వాళ్ళ చెయ్యి పట్టుకొని తెచ్చి బండ మీద కూర్చోబెట్టుకునేవారు. కాటా గుమాస్తా, వాచ్‌మన్, మేనేజరు వంటవాడు, ఆఖరుకు యజమాని బావమరిది. వానల గురించి, ఎద్దుల గురించి, కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పంపేసేవారు. బండ మీద కూర్చోని మనిషంటూ మిల్లులో లేకుండా చేశారు. ఇంక కిటికీలోంచి చూసి ఎవరిని ఏరాలి? కడాన మేనేజరును కూడా రమ్మని పిలిచారు. ఆయన కిటికీలోంచి నవ్వి చేయి ఊపాడు. ఆ మర్నాడు అయ్యవారిని గేటు దగ్గరికి రావద్దన్నారు.

పరిశోధన అక్కడితో సరి. యూనివర్సిటీ నుంచి ఎంత అడిగినా ఆయన ఒక్క పేజీ కూడా పంపలేదు. "నేను కూచోవడంతోనే మిల్లు మారిపాయ. ఇంగ ఆ మిల్లును గురించి నేను రాసేదేముండాదమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళ కష్టం! దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉంటుంది యూనివర్సిటీ వాళ్ళకు, పోయింది ఈయన డాక్టరేటే కదా అని కేకలేశాను. ఆయన తట్ట కడుక్కొని లేచిపోయారు.

అంతలో మా ఇంటాయనను మేనేజరు పిలిపించాడు. "లెక్చరరు గారు మీ ఇంట్లోనే ఉంటారట కదా" అన్నాడట. అంతే, ఇంకేమీ అడగలేదట. మా ఇంటాయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, నీళ్ళు తాగి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను అయ్యవారి గది దగ్గరికి పోయాను. "సార్, మా కడుపు మీద కొట్టించొద్దు. ఖాళీ చేయండి" అన్నాను. ఆయన అప్పటికే ట్రంకు పెట్టె సర్దుకొని ఉన్నారు. "నువ్వు అడగడం మంచిదైందమ్మా. నేనే చెప్పి పోతే నీకు మొహమాటం ఉండేది" అన్నారు. నేనన్నది సరైన మాటే, ఈ రోజుకీ ఆ మాటే అంటాను. ఆయన కూడా సరైనదనే అన్నారు.

కాలేజీకి తిరిగి పోతారనుకున్నాం. పోలేదు. మా ఊరి హైస్కూల్లో చేరి, రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. "మనుషుల్ని ఇట్ల చేసి నేను రైలెక్కి పోతే ఎట్లమ్మా?" అన్నారు. ఓబులేసు బళ్ళారి గనుల పనికి పోయి మళ్ళీ రాలేదు. అతని పిల్లలిద్దరికీ చదువు చెప్పింది అయ్యవారే.

అప్పటినుంచి ఆయన మా ఇంటాయనను పలకరించలేదు. ఎదురుపడితే వీధి దాటి అవతలి పక్కకు పోయేవారు. సంతలో కనపడితే కూరగాయల బుట్టలోకి వంగిపోయేవారు. నాతో స్కూలు సంగతులు మాట్లాడేవారు కానీ, "మీ ఆయన బాగుండాడా?" అని కూడా అడిగేవారు కాదు. మా ఇంటాయన నోట్లో నాలుక లేని మనిషి. ఒక్కసారి మాత్రం అన్నాడు. "ఒగసారన్నా ఏమప్పా అంటే ఏం బోయ? కుక్కను జూసినట్ల పక్కకు పోతాడే." పక్కకు పోబట్టే నీ ఉద్యోగం ఉందని చెప్పాను. "తెలుసులే" అన్నాడు. తెలిసినా బాధపడ్డాడు.

ఆ రోజు పాలగిన్నె దించి, "నువ్వు రావద్దు, నేను పోయొస్తా. ఆడదాన్ని, నన్నెవరూ లెక్కపెట్టరు" అని మా ఇంటాయనకు చెప్పి వెళ్ళాను. ఎండాకాలం సెలవులు కాబట్టి హైస్కూలు అయ్యవార్లంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. కుందుర్పి నుంచి మేనల్లుడు ఒక్కడు బస్సు దిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే మేనేజరు జీపు వాకిట్లో ఉంది. ఆయన పిల్లలు అయ్యవారి దగ్గరే చదువుకున్నారు. పూలదండ వేసి, నమస్కారం చేసి, అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. చూడడం ఆయన పని. లేచి పోతాడేమోనని చూశాను. పోలేదు.

వీధి మలుపులో మిల్లు మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఆగిపోయారు. జీపును చూస్తారు, నేల చూస్తారు. ఎవరూ అడుగు ముందుకు వేయరు. మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "నిప్పుకుండ నేను పట్టుకోవాల. మోసేదానికి నలుగురన్నా గావాల గదమ్మా. ఊర్లో మామకు ఎవరూ లేరా?" అన్నాడు. ఏం చెప్పను ఆ పిల్లోడికి? గాలి లేదు. పొద్దు వాలుతోంది. చీకటి పడకముందే ఎత్తాలి.

అప్పుడు చూశాను మా ఇంటాయనను. తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతో, వీధి నడిమధ్యన వస్తున్నాడు. వద్దని సైగ చేయబోయి చెయ్యి దించుకున్నాను. మలుపులో ఉన్నవాళ్ళను దాటాడు. జీపును దాటాడు. అరుగు వైపు తిరిగి చూడలేదు. పాడె దగ్గర వంగి, అందరికీ వినపడేట్టు, "ఏమప్పా అయ్యోరూ, నేను వచ్చినా" అన్నాడు. ముందు వైపు కొమ్ము భుజానికి ఎత్తుకున్నాడు. మలుపులో ఒకడు కదిలాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత అందరూ వచ్చారు, ఒకరి భుజం ఇంకొకరు మార్చుకునేంత మంది.

మేనేజరు మర్యాదగా లేచి నిలబడ్డాడు. నేను గడపలో నిలబడి ఆయన కళ్ళనే చూస్తూ ఉన్నాను. పాడె వీధి మలుపు తిరిగేదాకా అవి ఒక్కో ముఖం మీద కాసేపు ఆగి, తర్వాతి ముఖం మీదికి పోతూనే ఉన్నాయి.