చిన్న మామ డెమో క్లాసు

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఒక ఇంగ్లీషు మాట నొక్కితే, అది ఒకసారి ‘బో’ అని, ఇంకోసారి ‘బౌ’ అని పలికింది. ఏది కరెక్టని అడిగింది. "రెండూనూ. బో అంటే విల్లు, బౌ అంటే తలవంచడం. రెండూ వంగడం అనే పాత మాటకు పుట్టినవే" అని గడగడా చెప్పేశాను. పిల్ల నన్ను కొత్తగా చూసింది. బీదర్ బట్టల దుకాణంలో పెరిగిన నాకు ఇంగ్లీషులో గట్టిగా తెలిసింది ఆ ఒక్క మాటే. నేర్పింది మా అమ్మ తమ్ముడు, చిన్న మామ. అందుకు నేను చేసిన మర్యాద వినండి.

మా దుకాణంలో ఒక రివాజు ఉండేది. కొనని బట్టను ఎవరూ తిట్టరు. చీర మనసుకు పట్టిందంటేనే, ధర దిగాలని అంచు లాగి, "రంగు దిగుతది, నూలు పల్చగుంది" అని నలుగురు వినేటట్టు వంకలు పెడతారు. ఆ విద్యలో నేనెంత పండానంటే, మా చర్చి పాస్టరమ్మ బేరాలకు నన్ను తోడు తీసుకెళ్లేది.

హైదరాబాదు కంపెనీలు ఇంగ్లీషు వచ్చిన ప్రతివాణ్ణీ లాక్కుంటున్న రోజులవి. అక్కడినుంచి ఒకాయన వచ్చి మా ఊళ్లో ఇంగ్లీషు కోచింగ్ పెట్టాడు. బడిలో ఇంగ్లీషు మాస్టరు ఉద్యోగం పోయి ఏడాదిగా ఖాళీగా ఉన్న మామతో, డెమో క్లాసు జనానికి నచ్చితే కొలువు ఖాయమన్నాడు. ఆ క్లాసులో మామ చెప్పింది ఈ బో, బౌల పుట్టుకే. విల్లు లాగినట్టు చేతులు సాచేసరికి చొక్కా చంకలో పిగిలింది, అయినా ఆపలేదు. పిల్లలు కళ్లార్పలేదు. నా తమ్ముణ్ణి చేర్పిద్దామని వెళ్లిన నాకు పాఠం ఎంత నచ్చిందంటే, ఫీజు మీద బేరం పెట్టకుండా ఉండలేకపోయాను.

"ఏం సారూ, ఒక్క మాటకు రెండు నోళ్లా? ఈ పాత సరుకు హైదరాబాదుల ఎవడు కొంటడు? అంగీ సూడు, పాఠం సూడు, రెండూ పిగిలినయే!"

అందరూ పగలబడి నవ్వారు. మామ కూడా నవ్వాడు. మా దుకాణంలో పెరిగినవాడు, నాకు నచ్చిందని ఆయనకు అర్థమైంది. హైదరాబాదాయనకు కాలేదు. నా ముందే ఫీజు తగ్గించి, మామ వైపు తిరిగి, "రేపటినుంచి రావొద్దులెండి మాస్టారూ" అన్నాడు.

"జర చెప్పవే బిడ్డా, గమ్మతుకు అన్ననని" అన్నాడు మామ.

చెప్తే ఫీజు మళ్లీ పైకి పోతుంది. "ఈ సారెవరో నాకెరుక లేదు" అన్నాను.

మామ మా నాన్న దుకాణంలోనే గజంబద్ద పట్టాడు. ఎవరైనా బట్టకు వంక పెడితే వాదించేవాడు కాదు. "అయితే వద్దులేమ్మా" అని మడిచి లోపల పెట్టేసేవాడు. బేరం పోగొట్టాడని నాన్న ఆయన్ను నానా మాటలనేవాడు. గల్లా దగ్గర కూర్చుని చూసేదాన్ని. తప్పయిందని చెప్పడానికి రోజూ సందు దొరికేది. ఇవాళ గిరాకీ ఉంది, రేపు చూద్దామనుకునేదాన్ని. ఇప్పుడు దుకాణం లేదు, మామ లేడు. రోజులు మాత్రం, ఎక్కడా చెల్లని నాణేల్లా, బోలెడు మిగిలాయి.